సూదికీ అన్నానికీ నడుమ చిక్కడపల్లి

పోయినేడాది చిక్కడపల్లిలో నేను పడిపోయింది బాలమ్మ చాయ్ వల్ల కాదు. ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పుడు తోటి ఉద్యోగి రాఘవులుతో కాజీపేట నుంచి ఆఫీసు పని మీద వచ్చాను. ఇన్సులిన్ సంగతి తెలిస్తే టూర్లకు పంపరని భయం. పన్నెండుకు సికింద్రాబాద్ స్టేషన్‌లో చాటుగా సూది వేసుకున్నాను. అరగంటలో భోజనం అనుకుంటే ముషీరాబాద్‌లో బస్సు ఆగిపోయింది, చిక్కడపల్లి మెస్సు ముందు పెద్ద వరుస. ఒకటిన్నరకు ఒళ్లంతా చెమట, వణుకు.

పక్కనే చాయ్ బండి నడుపుకొనే పాలమూరు ఆమె బాలమ్మ నన్ను చూసింది. చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర వేసింది. "మా మామకు గిట్లనే అయితుండె. తాగు సారూ." సగం తాగి కూలబడ్డాను. రాఘవులు ఉరికొచ్చి, "ఏం కలిపినవమ్మా చాయ్‌ల?" అని పదిమందిలో అరిచాడు. కాసేపటికి తేరుకున్నాను, అంతా విన్నాను, నోరు విప్పలేదు.

ఈసారి ఆ మాట చెప్పడానికే ఒక్కడినే ఆరుంపావు ప్యాసింజరు ఎక్కాను. సికింద్రాబాద్ నుంచి బస్సులో పదిన్నరకు చిక్కడపల్లి చేరితే బాలమ్మ బండి లేదు.

"ఆమె చాయ్ తాగి ఎవడో పడ్డడంట. గిరాకీ పోయింది. నారాయణగూడ దిక్కు పోయింది" అన్నాడు పాన్‌డబ్బా అతను.

నడిచి నారాయణగూడ వెళ్లాను. అక్కడా లేదు, అశోక్‌నగర్‌లో ఉందన్నారు. అప్పటికి పదకొండున్నర దాటింది. నాలాంటి వారికి ఒక మాట: ముందు అన్నం ఖాయం చేసుకోండి, తర్వాతే సూది. ఎంత ముందు వేసుకోవాలో మీ డాక్టరు చెబుతారు, నాకు అరగంట. నారాయణగూడలోనే ఒక మెస్సులో వడ్డన పన్నెండున్నరకని కనుక్కొని, పన్నెండుకు అందరి ముందే వేసుకున్నాను.

"గింత సన్న సూదా అన్నా! గునపమనుకున్న" అన్నాడు వడ్డించేవాడు. పప్పు, దోసకాయ కూర, పెరుగు. హాయిగా తిన్నాను.

రెండింటికి అశోక్‌నగర్‌లో, కడుతున్న ఇంటి ముందు బాలమ్మ బండి కనబడింది.

"నువ్వా సారూ? బతికే ఉన్నవా!" అంది. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. ఆమె చలవే అన్నాను. జరిగిందంతా చెప్పి చేతులు జోడించాను.

ఆమె నవ్వలేదు. "ఈడ చెప్తే ఏమొస్తది? ఈళ్లంత మావోళ్లే. చిక్కడపల్లిల చెప్పు."

నాలుగింటి రైలు వదులుకొని, ఆమె గిరాకీ అయ్యేదాకా ఆగి, ఆమెతో చిక్కడపల్లికి నడిచాను. దారిలో ఆమె ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఎన్ని ప్రయాణాలు చేసినా ఇంత మంచి తోడు నాకు దొరకలేదు. మెస్సు ముందు సాయంత్రం టిఫిన్లకు జనం మూగారు. పాన్‌డబ్బా అతన్నీ పిలిచి, గొంతెత్తాను:

"పోయినేడు ఈడ పడ్డది నేనే. ఈమె చాయ్‌తోని కాదు, సూది ఏసుకొని అన్నం తినక పడ్డ. బతికించింది ఈమెనే. తెలిసి కూడా నోరు మూసుకున్న. బాలమ్మా, తప్పు నాది. మాఫ్ చెయ్యి."