అలిగిన ఇల్లరికపు అల్లుణ్ణి ఎవరు పిలవాలి?

నా వైపు మాట ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. కులపెద్దలు అడగలేదు, మామ అడగలేదు, నా భార్య అసలే అడగలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

శంషాబాద్ పక్క ఊరికి ఇల్లరికం వెళ్లినవాణ్ణి నేను. కొడుకులు లేని మామ పొలం చూసుకోవడానికి నన్ను తెచ్చుకున్నాడు. ఆ పొలం కాస్తా విమానాశ్రయం కిందికి పోయింది. మా ఇంటి మీదుగా కొత్తగా విమానాలు దిగుతున్న రోజుల్లో, చుట్టాలంతా భోజనాలకు కూర్చున్నప్పుడు మామ నవ్వుతూ అన్నాడు: “భూమి పాయె, ఎడ్లు పాయె. ఇగ అల్లుడొక్కడే మిగిలిండు, మేపాలె.”

అందరూ నవ్వారు. వడ్డిస్తున్న నా భార్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట అనలేదు. సగం అన్నంలో లేచి వచ్చేశాను. గగన్‌పహాడ్‌లో ఒక గోదాములో పనికి కుదిరి, పక్కనే గది కిరాయికి తీసుకున్నాను. అల్లుడు అలిగితే అత్తవారే వచ్చి పిలుచుకుపోవాలి, అది మర్యాద. రెండేళ్లు దాటినా ఎవరూ రాలేదు.

చివరికి ఆరాంఘర్‌లో ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమెది కోస్తా. చట్టం ఏయే కారణాలకు విడాకులిస్తుందో చెప్పింది: పరాయి సంబంధం, క్రూరత్వం, సరైన కారణం లేకుండా రెండేళ్లు విడిచిపెట్టి ఉండడం...

“గదే రాయుండ్రి మేడం,” అన్నాను.

“గడప దాటింది మీరు కదండీ?”

“ఆ గడప ఆమెది. నేను గాక ఎవరు దాటాలె?”

“పోనీ, మీ గదికి రమ్మని ఆమెను పిలిచారా? జడ్జిగారు ముందు అదే అడుగుతారు.”

“నన్నే ఎవరూ పిలువకపాయె. నేనెట్ల పిలుస్త?”

ఇది నిలవడం కష్టమంది. అయినా కేసు వేసింది.

వాయిదా రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టు తలుపులు తెరవకముందే చేరుకున్నాను. ఈ రోజు నా భార్య నోరు విప్పక తప్పదు! వరండాలో నేను కూర్చున్న బల్లకే ఆ చివర, మామతో వచ్చి కూర్చుంది. మామ చాయ్ తాగడానికి కిందికి దిగగానే నా వైపు తిరిగింది.

“గా రూముల నీళ్లొస్తయా?”

“పొద్దుగాల వస్తయి.”

“మరి నన్నెందుకు పిలువలే? మొగుడు వచ్చి తోల్కపోతేనే గద పెండ్లాం పోయేది. సంచి సర్దుకొని కూసున్న.”

“ఆనాడు గరిటె పట్టుకొని గట్లనే నిలబడ్డవ్. ఒక్క మాట అనకపోతివి.”

“నువ్ పోయినంక బాపును దులిపేసిన. వినెటందుకు నువ్వుంటివా?”

నాకంటే మొండి మనిషి! ఎవరు ఎవరిని పిలవాలో తేలక రెండు గడపల వెనకా ఇద్దరం అలిగి కూర్చున్నామన్నమాట. పట్టలేని సంతోషంతో లేచి నిలబడ్డాను.

“ఇప్పుడు పిలుస్తున్న. వస్తవా?”

ఆమె నోరు తెరిచేలోగా బంట్రోతు మా ఇద్దరి పేర్లూ కేకేశాడు. ఆమె కొంగు సర్దుకుని లోపలికి కదిలింది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

“జడ్జికి తర్వాత చెప్పు. ముందుగాల నాకు జవాబు చెప్పి పో.”