మల్లేశ్ మామ ఎనక్కి చూసిండు

నిన్న ఉప్పల్‌ల ఎవరో గడ్డిమంట మీద డప్పు వేడిజేస్తుంటే, ఆ తోలు వాసనకు మా నాచారం యాదికొచ్చింది. బోనాలప్పుడు తప్ప, మా గల్లీల మల్లేశ్ మామ డప్పు వేడిజేసిండంటే ఎవరో పోయినట్టే. అందుకే చిన్నప్పుడు ఒకనాడు ఫంక్షన్ హాల్ ఎనక ఆయన మంట పెట్టుడు జూసి ఏడుపందుకున్న.

“ఎవరు సచ్చిపోయిన్రు మామా?”

“ఎవ్వలు సావలే బిడ్డా. మృదంగం, తబలా, మర్ఫాలతోని మన డప్పును గలిపి కొత్త దరువు కట్టినం. లోపలికొచ్చి విను.”

స్టేజీ మీద అందరితోని కలిసి మామ వాయించిండు. అయిపోంగనే హాలంత చప్పట్లు. మిగిలినోళ్ళు దండం పెట్టిన్రు. మామ మాత్రం ఎనక్కి తిరిగి చూసిండు. ఎవరన్న పెద్దమనిషి వచ్చిండేమోనని నేను గూడ జూసిన. ఎవ్వరు లేరు.

ఇప్పుడు సమజైతుంది. బోనాలు తప్ప ఆయన ఎప్పుడూ వాయించింది సావులకాడనే. ఆడ చప్పట్లు ఎవరు కొడతరు?