ఎలిశిబా టీచరు వేలిముద్ర

మెదక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలచేత అక్షరాలు దిద్దించిన ఎలిశిబా టీచరుతో హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వేలిముద్ర వేయించుకుంది. అప్పుడామె స్పృహలోనే ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

చర్చి మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని, నిలబడితే తగ్గుతోందని ఆమె యాంజియోగ్రాం పరీక్షకు మాత్రమే వెళ్లింది. కుడి మణికట్టులోంచి గొట్టం పంపి ఆ చేతిని బల్లకు కట్టారు. గాజు తలుపు అవతల డాక్టరు ఏదో చెప్పడం, కొడుకు వెస్లీ తల ఊపడం ఆమెకు కనిపించాయి, మాటలు వినిపించలేదు. సంతకానికి కుడిచేయి ఖాళీగా లేదు గనుక నర్సు ఆమె ఎడమ బొటనవేలిని ఇంకుప్యాడు మీద అద్ది సమ్మతి కాగితానికి నొక్కింది. అరగంటలో ఒక గుండె రక్తనాళంలో స్టెంటు కూర్చుంది.

మూడు నాళాల్లోనూ అడ్డంకులున్నాయన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. డిశ్చార్జి కాగితం చదివి చెప్పింది పాత శిష్యురాలు డాక్టర్ రచన. ముందు మందులతో చూడవచ్చు. స్టెంట్లు వేయవచ్చు. ఛాతీ కోసి బైపాస్ చేయవచ్చు. కోలుకోవడానికి నెలలు పట్టినా, ఆమెలా షుగరుతో పాటు మూడు నాళాలూ పూడినవారికి తరచుగా అదే మేలంటారు.

"ఇప్పుడు బైపాస్ చేయించుకోవచ్చునా బిడ్డా?"

"స్టెంటు కొత్తది టీచర్. రక్తం పల్చబడే గోళీలు ఆపితే అది మూసుకపోవచ్చు. ఆపకుంటే ఆపరేషన్ల రక్తం ఆగుడు కష్టం. కొన్ని నెలలు ఆగాలె."

వెనక్కి పోయే వీలు లేదు. నాలుగో మెట్టు దగ్గర ఛాతీ ఇంకా బిగుస్తూనే ఉంది. వెస్లీ మాత్రం మిగిలిన రెండు నాళాలకూ స్టెంట్ల తేదీ తీసుకొచ్చాడు.

"పరేషాన్ గాకు అమ్మా. నేను మాట్లాడిన."

"ఆ దినం ఇడ్లీలకు చట్నీ కావాల్నా, సాంబారు కావాల్నా అని రెండుసార్లు అడిగిన్రు. గుండెకేం కావాల్నో ఒక్కలు అడగలే. నువ్వు సుత."

"అమ్మకు చెప్పకుండ్రని నేనే అన్న. నీకు భయమైతదని."

"భయం నీది. వేలు నాది."

అత్యవసరం కాని చికిత్సకు, స్పృహలో ఉన్న మనిషి అన్నీ తెలుసుకుని ఇచ్చిందే సమ్మతి. కొడుకు తల ఊపితే అది సమ్మతి కాదు. ఇది దయ కాదు, చట్టం.

ఆసుపత్రి యాజమాన్యానికి, ఆ డాక్టరుకు: ఆ తేదీ రద్దు చేయండి. యాంజియోగ్రాం సీడీ ఆమెకివ్వండి. బైపాస్ చేసే సర్జన్‌నూ పక్కన కూర్చోబెట్టి, మూడు దారుల లాభనష్టాలను తెలుగులో, ఆమెకే చెప్పండి. ఆ తర్వాతే కాగితం ఇవ్వండి, ఆమె కుడిచేతికి.