నీళ్లలో ఉండాల్సిన పడవ

పక్కింటివాళ్ల నిచ్చెన ఒక్క రాత్రి మా ఇంట్లో ఉండిపోతే మా అక్కకు నిద్ర పట్టదు. ఎవరి సొత్తు వాళ్ల దగ్గరే ఉండాలంటుంది. మా మరిది నా గొడుగు పట్టుకెళ్తే, వాన తగ్గేదాకా కూడా ఆగకుండా వాళ్లింటికి పోయి, తడుస్తూ వెనక్కి తెచ్చింది. గొడుగు వేసుకుని రావచ్చు కదే మొద్దూ అంటే, "నీది కదా" అంది. ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉంటే నాకు కోపం రాక ఏమొస్తుంది?

ఉద్యోగం మాత్రం దానికి తగినదే దొరికింది, పురావస్తు శాఖలో. తవ్వకాల్లో బయటపడ్డవన్నీ చట్టం ప్రకారం సర్కారువి. వాటిని పెట్టుకునే చోటే సర్కారుకు లేదు. అందుకని కాలేజీలకూ ట్రస్టులకూ అప్పగిస్తారు. సొత్తు మాది, కాపలా మీది అని చెప్పి చేతులు దులుపుకుంటారు. ఏది ఎక్కడుందో, ఎలా ఉందో ఊరూరా తిరిగి చూసిరావడం అక్క పని. ఒక ట్రస్టు గెస్ట్‌హౌస్‌లో రాతి విగ్రహం చేతి మీద తడి తువ్వాలు ఆరేసి ఉంటే, ఆ తువ్వాలు చైర్మన్ చేతిలో పెట్టి విగ్రహాన్ని లారీ ఎక్కించుకొచ్చింది. ఆ రోజు నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు.

పడవ సంగతి వేరు. నది ఇసుకలో దొరికిన పాతకాలపు పడవ అది, ఒకే మానును తొలిచి చేసింది. వందల ఏళ్లు తడిలో నానిన చెక్క. నీళ్లలోంచి తీసి ఆరనిస్తే చీలిపోతుంది. ఒక చిన్న కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమ్, "మా ల్యాబ్ వెనక సిమెంటు తొట్టి ఉంది, నేను చూసుకుంటాను" అని ముందుకొచ్చింది. చూసుకుంది కూడా. నీళ్లు మార్చేది, నాచు చేత్తో తుడిచేది, ఎండాకాలం గోనెపట్టాలు కప్పేది. సెలవులొచ్చినా ఎక్కడికీ కదిలేది కాదు. పిల్లలు ఆవిడకు పడవమ్మ అని పేరు పెట్టారు. అలా పిలిచినా పలికేది.

అక్క తనిఖీకి వెళ్లినప్పుడు పడవకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒప్పందం గడువే ఎప్పుడో తీరిపోయింది.

"తీరితే పొడిగించండమ్మా. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను," అంది పడవమ్మ.

"ఆ అధికారం నాకు లేదండీ. రేపు మీరు రిటైరైతే దీన్నెవరు చూస్తారు?"

ఆవిడ తర్వాత చూసేవాళ్లు ఆ కాలేజీలో ఎవరూ లేరు. అక్క అడిగింది తప్పని నేననను.

"అయితే ముందు మీ దగ్గర తొట్టి కట్టించండి. నీళ్లు నింపాక తీసుకెళ్లండి. అంతవరకూ కదపొద్దు, మీకు దణ్ణం పెడతాను," అంది పడవమ్మ.

అక్క అక్కడినుంచే పైఅధికారికి ఫోను చేసింది. "తొట్టి రెడీ అయిపోతోంది, నువ్వు తీసుకొచ్చెయ్," అన్నాడాయన. పైవాళ్ల మాటంటే మా అక్కకు అంత గురి. తెచ్చేసింది.

తడి గోనెల్లో చుట్టిన పడవ శాఖ గోదాముకొచ్చేసరికి తొట్టి లేదు. తొట్టికి గుంట లేదు. గుంటకు మంజూరు లేదు. అడిగితే ఆయన నీళ్లు నమిలాడు. ఆ నీళ్లేవో పడవ మీద పోసినా బాగుండేది.

అక్క బకెట్లు పట్టుకుని బయల్దేరింది. తలుపు దగ్గర స్టోర్‌కీపర్ అడ్డంపడ్డాడు. లోపల రాగి నాణేలు, పాత బట్టలు ఉన్నాయి, చుక్క నీరు లోపలికి రాకూడదని రూలు. పెట్టిందెవరనుకున్నారు? మా అక్కే! ఒకసారి పైపు పగిలి బట్టలు పాడైతే పట్టుబట్టి పెట్టించింది.

"పోనీ వరండాలోకి లాగుదాం," అంది అక్క.

"వరండాలో ఏదీ ఉంచొద్దన్నదీ మీరే మేడమ్," అన్నాడతను, పాపం.

తిరిగి కాలేజీకి పంపేద్దామని పైఅధికారిని బతిమాలింది. "పంపితే తేవడం తప్పని ఒప్పుకున్నట్టు కాదూ? నీకే మెమో వస్తుంది," అన్నాడు. "రానీండి సార్," అంది. మెమో రాలేదు, పంపడానికి అనుమతీ రాలేదు.

ఎండలు ముదిరాయి. ముందు అంచులు లేచాయి, తర్వాత అడుగు చీలింది. చివరికి మూడు ముక్కలైంది. ఆ ఏటి లెక్కింపులో పైఅధికారి చూసి నవ్వాడట. "ఒకటి తెచ్చావు, మూడయ్యాయి. సర్కారు సొత్తు పెరిగింది కదమ్మా!" ఇంటికొచ్చి అక్క ఈ మాట చెప్పగానే, ఇప్పుడే వెళ్లి వాడి చెంప పగలగొడతానన్నాను. "కూర్చోవే," అంది, అంతే. ముందున్న కంచం ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం ఎవరో తలుపు కొడితే నేనే తీశాను. పొట్టిగా, జుట్టంతా నెరిసిన ఒకావిడ. గోదాముకెళ్తే సెలవన్నారనీ, కాపలావాడు మా ఇల్లు చెప్పాడనీ అంది. అక్క లోపల్నుంచి వచ్చి ఆవిడను చూసి అక్కడే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు, పడవమ్మ అని.

"రిటైరయ్యానమ్మా. మా పడవ ఎలా ఉంది?" అంది. వెంటనే నాలిక్కరుచుకుని, "మా అనకూడదు కదూ, సర్కారుది," అని నవ్వింది.

"బాగుందండీ," అంది అక్క.

నేను అక్క మొహంలోకి చూశాను. అది నావైపు తిరగలేదు.

"తొట్టి కట్టారా?"

"కట్టారు. మీ తొట్టికన్నా పెద్దది."

"నీళ్లు మారుస్తున్నారా మరి?"

"నేనే మారుస్తున్నాను."

ఆవిడ అక్క చేతులు రెండూ పట్టుకుంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. "అప్పుడు మిమ్మల్ని ఎన్ని శాపనార్థాలు పెట్టానో! పాపిష్టిది, ఎత్తుకుపోయిందని. మీరన్నదే నిజమమ్మా, నేను వచ్చేశాక అక్కడెవరు చూసేవాళ్లు? నన్ను క్షమించండి."

నాకు ఒళ్లు మండింది. అక్క మీదో, ఆ పైవాడి మీదో, ఇంత అమాయకంగా నమ్ముతున్న ఈవిడ మీదో తెలియలేదు. కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి కుదేశాను.

కాఫీ తాగి లేచిందావిడ. చెప్పులు వేసుకుంటూ, "నా దగ్గర చదివిన పిల్లలు చూడాలని ఒకటే గోల. వచ్చే నెల అందర్నీ వెంటబెట్టుకొస్తాను. చూపిస్తారా?" అంది.

"తప్పకుండా రండి," అంది మా అక్క.