మెడపట్టీ రంగు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆ పెద్దమనిషికి కార్టూన్ అభిమానుల వాట్సాప్ గ్రూపువాళ్లు పెట్టిన పేరు తప్పులపోలీసు. పంతొమ్మిదేళ్లుగా సాగుతున్న ఓ నవ్వుల కార్టూన్ సీరియల్‌ని ఆయన మొదటి ఎపిసోడ్ నుంచీ చూస్తున్నాడు, చూసిన ప్రతిసారీ తిడుతున్నాడు. అందులో కుక్కపిల్ల మెడపట్టీ మొన్నటిదాకా ఎరుపు, ఈ వారం నారింజ. "అసలు కళ్లున్నాయా మీకు? ఇంతమంది చూసి ఒక్కరూ పట్టుకోలేదేంటి!" అని చేతిలో పని పక్కన పడేసి మరీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. "పోనీలే అన్నా, బొమ్మలే కదా" అని ఎవరైనా అన్నారో, ఆ పూట ఆయనకి అన్నం సయించదు. ఇంట్లో ఇంకో తలనొప్పి. కూతురు తన స్టూలుని రోజురోజుకీ టీవీ ముందుకి జరుపుకుంటోంది. "తల అడ్డం తియ్యవే! నీ జడ తప్ప ఇంకేం కనపడి చావట్లేదు" అని సోఫాలోంచి అరుస్తాడు.

ఆ సోమవారం భార్య కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికే వచ్చింది. బోర్డు మీద రాసింది పిల్లకి కనపడటం లేదని టీచరు చీటీ పంపింది. "ఏమండీ, మీరైనా గమనించలేదా?" అంది. "దానికేం, రోజూ నాతోపాటు టీవీ చూస్తూనే ఉందిగా!" అని ఆయన విసుక్కున్నాడు. గోడ మీది అక్షరాల్లో పిల్ల రెండో వరుస దగ్గరే ఆగిపోయింది. కళ్లు పరీక్షించే డాక్టరమ్మ, "టీవీకి ఎంత దగ్గర కూర్చుంటావమ్మా?" అని అడిగింది.

పిల్ల తలవంచుకుని, "నాన్న తిట్టేంత దగ్గర" అంది.