బురద బూట్లు, పాత చర్చి

మధ్యాహ్నం నుంచి నా మనసు మనసులో లేదు.

మా అమ్మాయితో ఈ పరాయి దేశంలో మేముండే మిల్టన్ నుంచి ఊరికే డ్రైవ్‌కి వెళ్తే, మొక్కజొన్న చేల మధ్య చిన్న రాతి చర్చి కనిపించింది. ఎప్పుడో బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చిన రైతులు తమ ఊరి చర్చిలాగే కట్టుకున్నారట. సమాధుల మీద నాకు నోరు తిరగని పేర్లు. అవి చూస్తూ చేనుగట్టు దాకా తిరిగేసరికి బూట్లనిండా బురద. లోపలంతా పాడవుతుందని గుమ్మంలోనే విప్పేశాను.

చర్చి చూసుకునే పెద్దావిడ అది చూసి ఆగిపోయారు.

"మీవాళ్లు దేవుడి దగ్గరికి ఇలాగే వెళ్తారా?"

"అవునండీ" అనేశాను.

పూర్తిగా అబద్ధమూ కాదు. మా కోనసీమలో చర్చి బయట చెప్పులు విప్పాల్సిందే. ఇక్కడ మేం వెళ్లే చర్చిలో మాత్రం నేను ప్రతి ఆదివారం బూట్లతోనే ప్రార్థన చేస్తాను. ఆ ముక్క చెప్పేలోపే ఆవిడ బల్ల పట్టుకుని, కష్టంగా వంగి తన బూట్ల లేసులు విప్పేసుకున్నారు. చల్లటి రాతినేల మీద మేజోళ్లతో నడుస్తూ చర్చంతా చూపించారు.

"ఎంత బాగుందో! ఆదివారం ప్రార్థనకొచ్చే మావాళ్లందరికీ ఇలాగే విప్పమని చెప్తాను" అన్నారు. వాళ్లందరూ ఆవిడ ఈడువాళ్లేనట.

కారెక్కాక మా అమ్మాయి అడిగింది: "మమ్మీ, వై డిడింట్ యూ టెల్ హర్ ఇట్ వాజ్ మడ్?"

చలి ముదురుతోంది. ఆ రాళ్ల మీద వరసగా ముసలి కాళ్లే కనబడుతున్నాయి నాకు. చర్చి బయట బోర్డు మీద ఫోన్ నంబర్ ఉంటే ఫొటో తీసుకున్నాను. ఆదివారంలోపు చేసి చెప్పేయాలి. ఏమని మొదలుపెట్టాలో మీరే చెప్పండి.