అమెరికా పిండి, మా ఇంటి సోయా

డిగ్రీలో మా ఎకనామిక్స్ సారు విదేశీ సాయం గురించి ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. ప్రపంచ యుద్ధం తర్వాత ధనిక దేశాలు పేద దేశాలకు ఇచ్చిన సాయం ఒట్టి దానం కాదట. రైతుల దగ్గర మిగిలిన పంటను అక్కడి సర్కారే కొని ఓడలకెక్కిస్తుంది. అక్కడి రైతుకు ధర దక్కుతుంది, ఇక్కడి పిల్లవాడికి తిండి దక్కుతుంది. ఇచ్చినవాడికీ లాభమే, పుచ్చుకున్నవాడికీ లాభమే. బాన్సువాడ కాలేజీలో రేకుల కప్పు కింద చెమటలు కక్కుతూ మేమంతా రాసుకున్నాం. సారు చెప్పింది నిజమేనని నాకు ముందే తెలుసు. ఆయన లెక్కలో మా బాపు ఎక్కడా లేడనే నాకు కోపం వచ్చింది.

నేను చిన్నబడికి పోయే రోజుల్లో, తొంభైల చివరి మాట ఇది. అమ్మ మా వాడ అంగన్‌వాడీలో ఆయా. అమెరికా నుంచి వచ్చిన పసుపుపచ్చ పిండిని నూనె వేసి ఉడికించి పిల్లలకు పెట్టేది. బస్తా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ పిండి దేనితో చేశారో మాకెవరికీ తెలియదు, అడగాలని తోచనూ లేదు. అమెరికా పిండి అంటే అమెరికా పిండి.

బాపు పెద్ద కొడప్‌గల్ వైపు నల్లరేగడి కౌలుకు పట్టి సోయా వేసేవాడు. మా దగ్గర సోయాను ఎవరూ తినేవాళ్లు కాదు. పిల్లలం నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే కడుపు ఉబ్బి చస్తారని తిట్టేవాళ్లు. పెసలు, కందులు ఇంటికి. సోయా గంజ్ మార్కెట్లో షావుకారుకి.

ఆ ఏడు పంట బాగా వచ్చింది, ధరే చచ్చింది. బయటి దేశాల నూనె దిగుతుంటే ఇక్కడి గింజ ఎవడికి కావాలి అన్నాడట షావుకారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ధర పెరిగేదాకా చూద్దామని బాపు బస్తాలన్నీ తెచ్చి మేం పడుకునే గదిలోనే పేర్చాడు. మిగిలిన సందులో మేం ముడుచుకుని పడుకునేవాళ్లం.

అప్పుడే ఏడాదిన్నర తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానలో సెలైన్ పెట్టి బతికించారు గాని, ఇంటికొచ్చాక కూడా వాడు ఎండిపోతూనే ఉన్నాడు. ఏడ్చే ఓపిక లేక మూలిగేవాడు. మందుల కంటే తిండి ముఖ్యమన్నాడు డాక్టరు. పాలు పోస్తే కక్కేవాడు. వాడి కడుపులో నిలిచింది అంగన్‌వాడీలో అమ్మ పట్టిన ఆ పసుపు జావ ఒక్కటే. కొన్నాళ్లకు నన్ను చూసి చెయ్యి చాపాడు. ఆ రోజు అమ్మ, ఎటువైపు ఉంటుందో తెలియని ఆ దేశానికి దండం పెట్టింది.

అంతలో బస్తాలు రావడం ఆగిపోయింది. ఓడ రాలేదన్నారు కొందరు, పై ఆఫీసుల్లోనే ఆగిందన్నారు కొందరు. అమ్మ సూపర్‌వైజరమ్మ కోసం రోజూ బస్టాండు దాకా పోయి అడిగి, ఉత్త చేతులతో వచ్చేది. తమ్ముడు మళ్లీ జారిపోసాగాడు. గంజి పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయేది. వాడు పోతాడనే మేమందరం అనుకున్నాం, పైకి అనలేదు అంతే. బడి నుంచి రాగానే వాడి పొట్ట కదులుతోందా అని చూసి, అప్పుడు సంచి దించేదాన్ని.

బాపు ఇక ఆగలేకపోయాడు. విత్తనానికి ఒక్క బస్తా ఉంచి, మిగతాదంతా వచ్చిన ధరకు అమ్మి, వాణ్ని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడా తిండి పెట్టుమనే చెప్పారు.

తిరిగొచ్చిన రోజు అమ్మ అంగన్‌వాడీలోని ఖాళీ బస్తాలు ఇంటికి తెచ్చింది, దులిపితే పిడికెడైనా రాలుతుందేమోనని. బాపు ఒకవైపు పట్టుకున్నాడు. పిండి దుమ్ము లేచి ఆయన ముక్కులోకి పోయింది. ఆగి, వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లంలో పొట్టు కాలినప్పుడు వచ్చే వాసనే అది, ఆయనకు తెలుసు.

"ఇది సోయా గదనే," అన్నాడు. "మక్కలు, సోయా ఏంచి పట్టిచ్చిండ్రు."

అమ్మ కూడా వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరిగినట్టయింది మా బతుకు. బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పోరని నెత్తికాడనే ఉండె గదనే ఇన్నొద్దులు," అని తల బాదుకుని ఏడ్చాడు. నాకు భయమేసి తమ్ముణ్ని ఎత్తుకుని బయటికి పోయాను.

లోపలికి వచ్చేసరికి ఆయన విత్తనాల బస్తా కుట్టు విప్పుతున్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇత్తనమయ్యా. వానలు పడ్డంక ఏమేస్తవ్?"

"వీడు ఉంటెనే వానలు," అన్నాడు బాపు.

అమ్మ గింజల్ని పొట్టు మాడేదాకా వేయించింది. సోయా పట్టిస్తే వాసన పోదు, అందరి గోధుమలూ పాడవుతాయని పిండి గిర్ని ఆయన గొడవ పెట్టాడు. అమ్మ బతిమాలి, అందరి పిండీ అయిపోయాక పట్టించుకొచ్చింది. మెత్తగా ఉడికించిన జావ తమ్ముడు మొదటి రోజు సగం కక్కాడు. మర్నాడు కక్కలేదు. ఆ తర్వాత అడిగి తిన్నాడు.

ఒక్కడికే పెట్టి మిగతా పిల్లల ముఖాలు ఎలా చూడాలని, అమ్మ ఆ పిండినే అంగన్‌వాడీకీ తీసుకుపోయింది. బాపు వద్దనలేదు. ఎండాకాలం రాకముందే బస్తా అడుగంటింది. వానలు పడేనాటికి కొత్త విత్తనం కొనే దారి లేదు. భూమి ఇంకొకరు కౌలుకు పట్టారు. బాపు బాన్సువాడలో గోదాము దగ్గర హమాలీగా చేరాడు.

అమెరికా పిండి మళ్లీ వచ్చింది. ఆ లారీ దించినవాళ్లలో బాపు ఒకడు. నేను సద్దిగిన్నె పట్టుకుపోయేసరికి ఒక బస్తా పిగిలి, పిండి ఆయన మెడ మీద పడుతోంది. దించి, అరచేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తిడతాడనుకున్నాను. నేనైతే తిట్టేదాన్ని.

"ఇంత దూరమొచ్చినా జర్ర ముక్కిపోలే బిడ్డా. ఎవలో గని, గా రైతు మంచిగ ఎండబెట్టిండు," అన్నాడు. "ఆయనకన్న ధర వచ్చిందో లేదో."

అని, ఇంకో బస్తా కోసం లారీ వెనక వీపు వంచాడు.